లూప్ రాసే ముందు ఒక్క నిమిషం: డేటాబేస్‌ని ఎలా అడగాలి?

ఇవాళ్టి ఎపిసోడ్ కోడింగ్ నేర్చుకుంటున్న వాళ్ళకి. అలాగని మిగతావాళ్ళు వెళ్ళిపోకండి. ఎందుకంటే మీరు ఈ వీడియో చూస్తున్న ఫోన్‌లోనే డేటాబేస్ ఉంది. దాని పేరు ఎస్‌క్యూలైట్. రిచర్డ్ హిప్ అనే ఆయన 2000లో బయటికి తెచ్చారు. ఆండ్రాయిడ్ అయినా ఐఫోన్ అయినా, లోపల అది ఉంటుంది. మీ కాంటాక్ట్స్, మీ వాట్సాప్ మెసేజ్‌లు అన్నీ అందులో టేబుల్స్‌గా దాచి ఉంటాయి. మీరు పాత మెసేజ్ ఒకటి వెతికిన ప్రతిసారీ లోపల ఒక క్వెరీ నడుస్తుంది.

ఇవాళ మన ప్రశ్న ఇది. డేటాబేస్‌తో పని పడినప్పుడు లూప్ రాయాలా, క్వెరీ రాయాలా? జావా, పైథాన్ నేర్చుకుని వచ్చిన ప్రతి ఒక్కరూ ఇక్కడ ఒకసారి తడబడతారు. నేనూ తడబడ్డాను. మామూలుగా కాదు, బాగానే పడ్డాను. ముందు ఆ కథ చెప్తాను.

అమీర్‌పేట్‌లో కోర్సు చేసి, చిన్న కంపెనీలో చేరిన కొత్త. కాలేజీల ఫీజులు చూసే సాఫ్ట్‌వేర్ మాది. చాలా కాలేజీలు కలిపి దాదాపు లక్షా ఎనభై వేల మంది స్టూడెంట్స్. నాకు ఇచ్చిన పని చాలా చిన్నది. లాస్ట్ డేట్ అయిపోయింది కాబట్టి, ఫీజు బాకీ ఉన్నవాళ్ళందరికీ ఐదొందలు ఫైన్ వేయాలి. అంతే.

నేనేం చేశానంటే, నాకు వచ్చిన పద్ధతిలో రాశాను. ముందు స్టూడెంట్స్ లిస్ట్ తెచ్చుకున్నా. లూప్ పెట్టా. ఒక్కో స్టూడెంట్‌కి, ఫీజు ఎంత అని ఒక క్వెరీ. ఇప్పటిదాకా ఎంత కట్టాడు అని ఇంకో క్వెరీ. తక్కువ కట్టి ఉంటే, ఫైన్‌కి ఐదొందలు కలుపుతూ ఒక అప్‌డేట్. నా ల్యాప్‌టాప్‌లో 200 మంది డమ్మీ స్టూడెంట్స్‌తో టెస్ట్ చేశా. సెకనులో అయిపోయింది. సూపర్ అనుకున్నా.

రాత్రి 11 గంటలకి అసలు సర్వర్ మీద రన్ చేశా. ఆ సర్వర్ వేరే ఊళ్ళో ఉంది. ఇక్కడి నుంచి ఒక ప్రశ్న వెళ్ళి, జవాబు తిరిగి రావడానికి దాదాపు 20 మిల్లీసెకన్లు. 20 మిల్లీసెకన్లు అంటే కన్ను ఆర్పే టైమ్ కూడా కాదు కదా అనిపిస్తుంది. లెక్క వేయండి. 1,80,000 మంది, ఒక్కొక్కరికి రెండు ప్రశ్నలు. అంటే 3,60,000 ట్రిప్పులు. ఒక్కోటి 20 మిల్లీసెకన్లు అంటే మొత్తం 7,200 సెకన్లు. కేవలం అడగడానికే రెండు గంటలు. అప్‌డేట్లు దీనికి అదనం.

అర్ధరాత్రి దాటాక మధ్యలో కనెక్షన్ పోయింది. ప్రోగ్రామ్ ఆగిపోయింది. నేను నిద్రపోతున్నా. పొద్దున్నే లేచి చూసి, "అయ్యో ఆగిపోయిందే" అని మళ్ళీ మొదటి నుంచి రన్ చేశా.

ఏం జరిగిందో మీకు అర్థమైపోయి ఉంటుంది. రాత్రి లూప్ దాటేసిన వాళ్ళందరికీ రెండోసారి ఫైన్ పడింది. ఐదొందలు కాస్తా వెయ్యి అయింది. పైగా బాకీ ఉంటే హాల్ టికెట్ డౌన్‌లోడ్ కాకుండా ఆపే రూల్ ఉంది ఆ సాఫ్ట్‌వేర్‌లో.

మధ్యాహ్నం ఒక ఫోన్ కాల్ నాకు కలిపారు. అవతల ఒక అమ్మాయి వాళ్ళ నాన్న. "బాబూ, ఫైన్‌తో కలిపి కట్టడానికి డబ్బు సర్దుకుని నెట్ సెంటర్‌కి వచ్చాను. ఇక్కడ ఇంకో ఐదొందలు ఎక్కువ చూపిస్తోంది. ఎల్లుండి పాప పరీక్ష. ఎవరిని అడగాలి?" అన్నారు. అడగాల్సింది నన్నే. ఆ మాట ఆయనకి చెప్పలేకపోయాను. "సాయంత్రానికి సరిచేస్తామండీ" అని మాత్రం అన్నాను.

సరిచేయడం కూడా తేలిక కాలేదు. ఎందుకంటే టేబుల్‌లో ఫైన్ అనేది ఒక నంబర్ మాత్రమే. అది ఎప్పుడు పెరిగింది, ఎన్నిసార్లు పెరిగింది అన్నది ఎక్కడా రాసి లేదు. ముందు రోజు బ్యాకప్‌ని వేరే మెషీన్‌లో ఎక్కించి, పాత నంబర్‌నీ కొత్త నంబర్‌నీ పోల్చుకుంటూ దిద్దాం. రాత్రి ఎనిమిదయింది. హాల్ టికెట్లు ఓపెన్ అయ్యాయి.

మా టీమ్‌లో సీనియర్ ఒకరు ఉండేవారు, అందరం అక్కా అని పిలిచేవాళ్ళం. తిడుతుందేమో అనుకున్నా. తిట్టలేదు. ఒకటే అడిగింది. "కిరాణా కొట్టుకి వెళ్ళి పప్పు తెచ్చి ఇంట్లో పెట్టి, మళ్ళీ వెళ్ళి చక్కెర తెచ్చి, మళ్ళీ వెళ్ళి నూనె తెస్తావా? చీటీ రాసి ఒకేసారి ఇస్తావా?" చీటీ ఇస్తానక్కా అన్నా. "మరి డేటాబేస్‌కి ఎందుకు ఇవ్వలేదు?" అంది.

ఇవాళ్టి ఎపిసోడ్ మొత్తం ఆ చీటీ గురించే.

చూడండి, జావా, సీ, పైథాన్‌లో మనం రాసే కోడ్‌ని ప్రొసీజరల్ అంటారు. అంటే పని ఎలా చేయాలో మనమే అడుగడుగునా చెప్తాం. ముందు ఇది చెయ్, తర్వాత అది చెయ్, ఇన్నిసార్లు తిరుగు. ఎస్‌క్యూఎల్ అలా కాదు. నాకేం కావాలో చెప్తాను, ఎలా తేవాలో నువ్వే చూసుకో అనే పద్ధతి. దీన్ని డిక్లరేటివ్ అంటారు.

ఆటో ఎక్కారనుకోండి. "అన్నా, అమీర్‌పేట్ మైత్రివనం దగ్గర దింపు" అంటారు. అది ఎస్‌క్యూఎల్. "ముందు యాభై మీటర్లు పోనియ్, లెఫ్ట్ తీసుకో, బ్రేక్ వెయ్, ఫస్ట్ గేర్ వెయ్" అంటే అది ప్రొసీజరల్. ఆటో అన్నకి ఏ రోడ్డులో ట్రాఫిక్ ఉందో, ఎక్కడ తవ్వి పెట్టారో మనకంటే బాగా తెలుసు. మనం గేర్లు కూడా చెప్పడం మొదలుపెడితే, ఆ తెలివి అంతా వేస్ట్.

ఈ గొడవ ఇవాళ్టిది కాదు. 1960లలో డేటాబేస్ అంటే ప్రోగ్రామర్ స్వయంగా ఒక రికార్డ్ నుంచి ఇంకో రికార్డ్‌కి దారి పట్టుకుని వెళ్ళాల్సిందే. ఆ తరహా డేటాబేస్‌లకి ఆద్యుడు చార్లెస్ బాక్‌మన్. 1973లో ఆయనకి ట్యూరింగ్ అవార్డ్ వచ్చింది. కంప్యూటర్ సైన్స్‌లో అది నోబెల్ లాంటిది. అప్పుడు ఆయన ఇచ్చిన ఉపన్యాసంలో ప్రోగ్రామర్‌ని నావిగేటర్ అన్నారు. అంటే డేటా అనే సముద్రంలో ఓడ నడిపేవాడన్నమాట.

ఇంకోవైపు ఎడ్గర్ కాడ్. ఇంగ్లండ్‌లో పుట్టారు, రెండో ప్రపంచ యుద్ధంలో పైలట్‌గా పనిచేశారు, తర్వాత అమెరికాలో ఐబీఎమ్ శాన్ హోజే ల్యాబ్‌లో చేరారు. 1970లో ఒక పేపర్ రాశారు. డేటాని టేబుల్స్‌గా చూద్దాం, ఏం కావాలో గణితంలో సెట్స్ లాగా చెప్దాం, దారి వెతకడం మెషీన్ పని అన్నారు. అంటే ఓడ మనం నడపక్కర్లేదు. 1974లో వీళ్ళిద్దరి పద్ధతుల మీద ఒక కాన్ఫరెన్స్‌లో పెద్ద డిబేట్ కూడా జరిగింది. అదే ఏడాది ఐబీఎమ్‌లోనే డొనాల్డ్ చాంబర్లిన్, రేమండ్ బాయిస్ అనే ఇద్దరు కాడ్ ఆలోచనని మామూలు ఇంగ్లిష్ మాటల్లా ఉండే భాషగా మార్చారు. పేరు సీక్వెల్. ఆ పేరు అప్పటికే వేరే కంపెనీ ట్రేడ్‌మార్క్ కావడంతో తర్వాత ఎస్‌క్యూఎల్ అయింది. అందుకే ఇప్పటికీ కొంతమంది సీక్వెల్ అంటారు, కొంతమంది ఎస్ క్యూ ఎల్ అంటారు. ఇంటర్వ్యూలో ఏది అన్నా తప్పు లేదు. కాడ్‌కి కూడా 1981లో ట్యూరింగ్ అవార్డ్ వచ్చింది.

మరి "ఎలా" అన్నది మెషీన్‌కి వదిలేస్తే, అది తెలివిగా చేస్తుందని గ్యారంటీ ఏంటి? అప్పట్లో చాలామందికి ఉన్న డౌట్ ఇదే. దీనికి జవాబు చెప్పినవాళ్ళలో ముఖ్యమైన ఇంజనీర్ పట్రీషియా సెలింజర్. ఆమె, ఆమె టీమ్ 1979లో ఒక పద్ధతి ప్రచురించారు. ఒక క్వెరీకి ఎన్ని దారులు ఉన్నాయి, ఒక్కో దారికి ఎంత ఖర్చు అవుతుంది అని డేటాబేసే అంచనా వేసి, చవకైన దారి ఎంచుకుంటుంది. దీన్ని ఆప్టిమైజర్ అంటారు. ఇవాళ మీరు వాడే పోస్ట్‌గ్రెస్, ఒరాకిల్, మైఎస్‌క్యూఎల్ అన్నిట్లో ఇలాంటిదే ఉంది.

ఫోన్‌లో చూడండి. కాంటాక్ట్స్‌లో "రమ" అని కొడితే వెంటనే వస్తుంది, ఎందుకంటే పేర్లు వరసలో ఉన్నాయి. అదే "నంబర్ చివర 47 ఉన్నవాళ్ళు ఎవరు" అంటే మొత్తం లిస్ట్ తిప్పాల్సిందే. ఆ వరసనే డేటాబేస్‌లో ఇండెక్స్ అంటారు. ఇండెక్స్ వాడాలా, టేబుల్ మొత్తం చదవాలా అన్నది ఆప్టిమైజర్ తేలుస్తుంది. కానీ ఒక కండిషన్. దానికి పూర్తి ప్రశ్న కనిపించాలి. మనం లూప్‌లో ఒక్కో స్టూడెంట్‌నే పంపిస్తే, దానికి కనిపించేది ఎప్పుడూ ఒక్క స్టూడెంటే. చీటీలో ఒక్క సరుకే ఉంటే కొట్టు ఆయన మాత్రం ఏం ప్లాన్ చేస్తాడు?

ఇప్పుడు నా ఫైన్ ప్రోగ్రామ్‌ని అక్క ఎలా రాసిందో చెప్తాను. "అప్‌డేట్ స్టూడెంట్స్, సెట్ ఫైన్ ఈక్వల్స్ ఫైన్ ప్లస్ 500, వేర్ ఫీజు గ్రేటర్ దాన్", ఆ తర్వాత బ్రాకెట్‌లో ఒక చిన్న సబ్‌క్వెరీ, "సెలెక్ట్ సమ్ ఆఫ్ అమౌంట్ ఫ్రమ్ పేమెంట్స్" ఆ స్టూడెంట్‌వి. ఒకటే స్టేట్‌మెంట్. ఒకటే ట్రిప్. కొన్ని సెకన్లలో అయిపోయింది.

ఆగండి, ఇందులో ఒక గుంట ఉంది. ఒక్క రూపాయి కూడా కట్టని స్టూడెంట్‌కి పేమెంట్స్ టేబుల్‌లో అసలు రోలే ఉండవు. రోలు లేనప్పుడు సమ్ ఇచ్చే జవాబు సున్నా కాదు, నల్. నల్ అంటే "తెలియదు" అని. ఫీజు "తెలియదు" కంటే ఎక్కువా అని అడిగితే, డేటాబేస్ అవును అనదు, కాదు అనదు. అది కూడా తెలియదు అంటుంది. వేర్ కండిషన్ "అవును" వచ్చిన రోలనే తీసుకుంటుంది. అంటే కొంచెం కట్టినవాడికి ఫైన్ పడుతుంది, ఏమీ కట్టనివాడు హాయిగా తప్పించుకుంటాడు! అందుకే సమ్ చుట్టూ కోలెస్ అనే ఫంక్షన్ పెట్టి, నల్ వస్తే సున్నా అనుకో అని చెప్పాలి. ఇది రాసిపెట్టుకోండి.

ఇక స్పీడ్ కంటే ముఖ్యమైన విషయం. ఆ ఒక్క స్టేట్‌మెంట్ మధ్యలో కరెంట్ పోయినా, కనెక్షన్ పోయినా, డేటాబేస్ మొత్తం వెనక్కి తీసుకుంటుంది. అయితే అందరికీ ఫైన్, లేదా ఎవరికీ లేదు. సగం మందికి అనేది ఉండదు. నా లూప్‌లో ప్రతి అప్‌డేట్ విడివిడిగా సేవ్ అయిపోయింది కాబట్టే ఆ సగం సగం పరిస్థితి వచ్చింది.

"లూప్ మొత్తాన్నీ ఒక ట్రాన్సాక్షన్‌లో పెడితే సరిపోతుంది కదా బ్రో?" అంటారు మీరు. కరెక్టే, సగం సగం సమస్య పోతుంది. కానీ ఆ రెండు గంటలూ అప్‌డేట్ అయిన రోలకి తాళం పడి ఉంటుంది. ఆ టైమ్‌లో ఇంకో ప్రోగ్రామ్ అదే స్టూడెంట్ రో మార్చాలంటే వెయిట్ చేస్తూ కూర్చోవాలి.

మరి స్టేట్‌మెంట్ పూర్తయ్యాక పొరపాటున మళ్ళీ రన్ చేస్తే? అప్పుడు డబుల్ ఫైన్ పడుతుంది, అది నిజమే. అందుకే ఆ తర్వాత మేము ఫైన్‌ని నంబర్‌గా పెంచడం మానేసి, వేరే టేబుల్‌లో ఒక రోగా రాశాం. ఏ స్టూడెంట్, ఏ టర్మ్, ఎంత, ఎప్పుడు. స్టూడెంట్, టర్మ్ కలిపి యూనిక్ అని రూల్ పెట్టాం. ఎన్నిసార్లు రన్ చేసినా రెండో ఫైన్‌ని డేటాబేసే లోపలికి రానివ్వదు.

ఇదే తప్పు డబ్బుల యాప్‌లో చేస్తే ఇంకా డేంజర్. వాలెట్‌లో 500 ఉంది. ఒకే అకౌంట్ రెండు ఫోన్లలో ఓపెన్ చేసి, ఒకేసారి 300 చొప్పున పే చేశారు. కోడ్ ఇలా ఉంది. బ్యాలెన్స్ చదువు, 300 తీసెయ్, మిగిలింది రాసెయ్. రెండూ 500 అనే చదివాయి. రెండూ 200 అనే రాశాయి. 600 ఖర్చయింది, వాలెట్‌లో ఇంకా 200 ఉంది! దీనికి మందు కూడా చీటీ పద్ధతే. "బ్యాలెన్స్ ఈక్వల్స్ బ్యాలెన్స్ మైనస్ 300, వేర్ బ్యాలెన్స్ 300 కంటే తక్కువ కాకపోతే" అని ఒకే అప్‌డేట్‌లో చెప్పండి. ఎన్ని రోలు మారాయో డేటాబేస్ చెప్తుంది. ఒకటి అంటే పేమెంట్ ఓకే. సున్నా అంటే డబ్బు చాలలేదు.

ఇప్పుడు ఇంటర్వ్యూకి వెళ్ళే తమ్ముళ్ళకి, చెల్లెళ్ళకి. "రెండో అత్యధిక జీతం కనుక్కో" అనే ప్రశ్న మీలో చాలామందికి ఎదురై ఉంటుంది. లూప్ బుర్రతో ఆలోచిస్తే, జీతాలు వరసలో పెట్టి, మొదటిది వదిలేసి, రెండోది తీసుకుంటాం. ఆర్డర్ బై, లిమిట్ 1, ఆఫ్‌సెట్ 1. కానీ జీతాలు 90 వేలు, 90 వేలు, 75 వేలు అయితే? వరసలో రెండోది మళ్ళీ 90 వేలే. జవాబు తప్పు. అడిగినవాళ్ళకి కావాల్సింది ఇక్కడే మీరు ఆగుతారా లేదా అన్నది.

ఏం కావాలో మాటల్లో చెప్పి చూడండి. "అత్యధిక జీతం కంటే తక్కువ ఉన్న జీతాల్లో ఎక్కువది." అంతే, క్వెరీ వచ్చేసింది. "సెలెక్ట్ మ్యాక్స్ శాలరీ, వేర్ శాలరీ లెస్ దాన్", బ్రాకెట్‌లో "సెలెక్ట్ మ్యాక్స్ శాలరీ". జవాబు 75 వేలు. ఐదో అత్యధికం అని అడిగితే డెన్స్ ర్యాంక్ అనే విండో ఫంక్షన్ వాడండి. విండో ఫంక్షన్లు 2003 నుంచే ఎస్‌క్యూఎల్ స్టాండర్డ్‌లో ఉన్నాయి. మైఎస్‌క్యూఎల్‌కి మాత్రం 8.0 వెర్షన్‌తో 2018లో వచ్చాయి. రన్నింగ్ టోటల్, ముందు నెలతో పోలిక, ఇలా ఒకప్పుడు లూప్ తప్పదు అనుకున్న పనులు చాలా వీటితో అయిపోతాయి.

అంటే లూప్ పాపమా? కాదు. ఒరాకిల్‌లో పీఎల్‌ఎస్‌క్యూఎల్, మైక్రోసాఫ్ట్‌లో టీఎస్‌క్యూఎల్, ఇవన్నీ ఊరికే పెట్టలేదు. కొన్ని పనులకి అడుగులు కావాల్సిందే. ఒక్కొక్కరికీ ఎస్‌ఎమ్‌ఎస్ పంపాలి, పోయినవాటిని మళ్ళీ ట్రై చేయాలి. లూప్ రాయండి. కోటి పాత రోలు డిలీట్ చేయాలి, ఒకేసారి చేస్తే తాళాలు పడి సైట్ ఆగుతుంది. పదివేల చొప్పున లూప్‌లో చేయండి. కానీ కర్సర్ తెరిచి ఒక్కో రో చదివి ఒక్కో అప్‌డేట్ చేస్తే, డేటాబేస్ లోపల రాసినా కూడా స్లోనే. నెట్‌వర్క్ ట్రిప్ మిగులుతుంది గానీ, రో రోకీ పీఎల్‌ఎస్‌క్యూఎల్ నుంచి ఎస్‌క్యూఎల్‌కి, అక్కడి నుంచి వెనక్కి మారే పని మిగిలే ఉంటుంది. అందుకే ఒరాకిల్‌లో బల్క్ కలెక్ట్, ఫర్ఆల్ అని గంపగుత్తగా పంపే పద్ధతులు ఉన్నాయి.

చీటీకి పదును కూడా ఎక్కువే, అది మర్చిపోవద్దు. అప్‌డేట్ రాసి వేర్ మర్చిపోతే ఒక్క ఎంటర్‌తో టేబుల్ మొత్తం మారిపోతుంది. కాబట్టి నేను ఇప్పటికీ మూడు అలవాట్లు వదల్లేదు. ఒకటి, అప్‌డేట్‌కి ముందు అదే వేర్‌తో సెలెక్ట్ కౌంట్ వేసి ఎంతమంది వస్తారో చూస్తా. రెండు, బిగిన్ అని ట్రాన్సాక్షన్ మొదలుపెట్టి, అప్‌డేట్ చేసి, అదే నంబర్ వచ్చిందో లేదో చూసి అప్పుడే కమిట్. తేడా వస్తే రోల్‌బ్యాక్. మూడు, లూప్ రాయాలనిపిస్తే ముందు పేపర్ మీద తెలుగులో ఒక వాక్యం రాస్తా. "ఫీజు కంటే తక్కువ కట్టిన స్టూడెంట్స్ అందరికీ ఫైన్ వెయ్." ఆ వాక్యంలో "అందరికీ", "ఉన్నవాళ్ళు", "మొత్తం" లాంటి మాటలు ఉంటే అది క్వెరీ. "ముందు ఇది, అది అయ్యాక ఆ ఫలితాన్ని బట్టి ఇంకోటి" అని ఉంటే అప్పుడు లూప్ గురించి ఆలోచిస్తా.

ప్రాక్టీస్‌కి పెద్ద కంప్యూటర్ అక్కర్లేదు. ఎస్‌క్యూలైట్ ఫ్రీ. ఫోన్‌లో నడిచే యాప్స్ కూడా ఉన్నాయి. స్టూడెంట్స్, పేమెంట్స్ అని రెండు టేబుల్స్ పెట్టండి. ఒక స్టూడెంట్‌ని అసలు పేమెంటే లేకుండా వదిలేయండి. కోలెస్ లేకుండా ఒకసారి, పెట్టి ఒకసారి రన్ చేయండి. తేడా మీ కళ్ళతో మీరే చూస్తారు.

ఆ రోజు సాయంత్రం ఆ నాన్నగారికి నేనే తిరిగి ఫోన్ చేశా, అయిపోయిందండీ అని చెప్పడానికి. "హాల్ టికెట్ వచ్చేసింది బాబూ, ప్రింట్ కూడా తీసుకున్నాం" అన్నారు. తప్పు నాదేనని అప్పుడు చెప్పాను. ఒక్క క్షణం ఆగి, "సర్లే, ఇంకోసారి చూసుకుని చెయ్యి" అన్నారు. అప్‌డేట్ అని టైప్ చేసిన ప్రతిసారీ ఆ మాట గుర్తొస్తుంది.

వచ్చే ఎపిసోడ్‌లో ఇండెక్స్ గురించి వివరంగా మాట్లాడుకుందాం. అప్పటిదాకా ఉంటాను, బై.